ప్రెసిడెంటమ్మ చివరి మీటింగు

నా పేరు గాదె ఆదెమ్మ. వయసు పాస్‌పోర్టులో డెబ్బై మూడు, మా అమ్మ చెప్పిన లెక్కలో డెబ్బై ఆరు. మా అమ్మ లెక్కే నిజం. పుట్టింది ఒంగోలు దగ్గర. ఉండేది న్యూజెర్సీలో, నా కూతురు సునీత ఇంట్లో. ఇంట్లో కూతురు, అల్లుడు, మనవరాలు, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తున్నది. అన్నది అన్నట్టు రాయాలని, తన మర్యాదలు మధ్యలో కలపకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

మా ప్రెసిడెంటమ్మ పోయింది. పోయిన నెలలో, మంచు కరిగి వీధంతా బురదగా ఉన్న ఒక పొద్దున, ట్రెజరర్ లాయోష్ వచ్చి మా తలుపు కొట్టాడు. ఆయన తొంభైకి దగ్గర పడ్డ మనిషి, ఒకప్పుడు ఈ ఊళ్ళో మాంసం కొట్టు నడిపినవాడు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కోటు మీద సంఘం రిబ్బను ఉంది. ఆ రిబ్బనుకి ఒకవైపు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, రెండోవైపు ఉత్త నలుపు. మీటింగుకీ పండక్కీ రంగులు బయటికి పెట్టుకుంటారు. మెంబరు ఎవరైనా పోతే తిప్పి నలుపు బయటికి పెట్టుకుంటారు. ఆ పొద్దున నలుపు బయటికి ఉంది. అక్షరం రాని నేను ఈ దేశంలో చదవగలిగింది ఆ రిబ్బను ఒక్కటే. ఆసుపత్రిలో ఉన్నది ప్రెసిడెంటమ్మ ఒక్కతే కాబట్టి ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. లోపలికి వెళ్ళి నా రిబ్బను తెచ్చుకుని, ఆయన ముందే నలుపు తిప్పి పెట్టుకున్నాను. అప్పుడు ఆ పెద్దాయన ఏడ్చాడు.

ఆమె హంగేరీ మనిషి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్కడ తుపాకులు పేలితే, మేనత్త చెయ్యి పట్టుకుని పారిపోయి వచ్చిందట. పెళ్ళయింది, పెనిమిటి పోయాడు, పిల్లల్లేరు. ఈ ఊళ్ళో హంగేరీ వాళ్ళ ఇన్సూరెన్సు సంఘానికి ఒక శాఖ ఉంది. ఆ శాఖకి ఆమె ప్రెసిడెంటు. నేను ఆ శాఖలో మెంబర్ని. ఇప్పుడు ఆ సంఘం హెడ్డాఫీసు నాకు ఒక కాగితం పంపింది. శాఖ జెండా, మీటింగులో కొట్టే చెక్క సుత్తి నేను దగ్గర పెట్టుకున్నానని, వెంటనే అప్పగించాలని అందులో ఉందట. దొంగ అనే మాట రాయలేదు, రాయడానికి మొహమాటపడ్డారు. నా జవాబు చెప్పాలంటే ఆమె సంగతి చెప్పాలి. అందుకే ఇదంతా.

మేము ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంటు వదిలి ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం నడకకి వెళ్ళి వానలో చిక్కుకున్నాను. వీధి చివర ఒక పాత హాలు, తలుపు తెరిచి ఉంది. దూరాను. లోపల కొందరు ముసలివాళ్ళు కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీగా ఉంటే నేనూ కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద పాత ఫోటో. అందులో ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని ఉన్నారు, వాళ్ళ ఒళ్ళో ఆకు ఉంది. అది ఏ ఆకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళి కాకముందు నుంచి మోకాళ్ళు అరిగేదాకా నేను గ్రేడింగులో కూర్చుని రకాలవారీగా ఏరింది ఆ ఆకే. ఉండబట్టలేక వేలు చూపించి, "టొబాకో" అన్నాను.

టక్కున సుత్తి దెబ్బ. బల్ల వెనక ఒక పొడుగాటి ఆడమనిషి. తెల్లజుట్టు, ఎర్రగా పెదాల రంగు, చేతికర్ర. అరచెయ్యి పైకి ఎత్తి చూపించింది. "స్టాండ్. దెన్ టాక్."

లేచాను. మా పొగాకు కంపెనీలో మేస్త్రీలు నిలబెట్టి నోరు మూయించేవాళ్ళు. మాట్లాడటానికి లేచి నిలబడమన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే. నిలబడి, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, నేనూ ఆ ఆకు ఏరినదాన్నేనని చెప్పాను. ఆమె ఫోటో చూసింది, నన్ను చూసింది. ఆ రోజు మీటింగు అయిందాకా నన్ను వెళ్ళనివ్వలేదు.

తర్వాత తెలిసింది. ఈ ఊళ్ళో వెనకటికి చుట్టల ఫ్యాక్టరీ ఉండేదట. హంగేరీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు అందులో చుట్టలు చుట్టేవాళ్ళట. ఒకామె పని దగ్గరే కూలిపోతే, పాతిపెట్టడానికి నా అన్నవాళ్ళు లేకపోయారు. అప్పుడు తలా కొంత వేసి, సంఘానికి ఇక్కడ శాఖ పెట్టుకున్నది ఆ చుట్టలు చుట్టేవాళ్ళే. ప్రెసిడెంటమ్మ మేనత్త కూడా అక్కడే చేసింది. మా ప్రెసిడెంటమ్మ నన్ను చనిపోయిందాకా పేరు పెట్టి పిలవలేదు. "టొబాకో" అనేది. నేను ఆమెని ప్రెసిడెంటమ్మా అనేదాన్ని. ఆ "అమ్మ" ఎందుకని అడిగింది. మా వైపు పెద్దరికానికి అట్టా తగిలిస్తామని చెబితే, ఆ మాట ఆమెకి నచ్చి, లాయోష్‌తో కూడా అట్టాగే పిలిపించుకుంది. ఆయన నోటికి అది "ప్రెసిదెంతమ"గా వచ్చేది. ఆమె ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటివే. కుంటివాళ్ళు ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుంటే నడక సాగుతుంది.

నేను చేరతానంటే మా ఇంట్లో గొడవైంది. "అమ్మా, నీకు ఆల్రెడీ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఇదెందుకు?" అంది నా కూతురు.

"అది ఆసుపత్రికి. ఇది పాడె దగ్గర నిలబడటానికి" అన్నాను.

ఎందుకన్నానంటే, అంతకుముందే ప్లెయిన్స్‌బరోలో మన తెలుగు పెద్దాయన ఒకాయన పోయాడు. పిల్లల దగ్గర ఉండిపోదామని వచ్చినవాడు. పనిరోజు పోయాడు, దహనానికి దొరికిన టైమూ పనిరోజే. మంచివాళ్ళే అందరూ, ఎవరికీ సెలవు దొరకలేదు. ఆఫీసుల్లో కూర్చుని ఫోన్లలో చూశారు. వాళ్ళకి చూపించడానికి దహనం దగ్గర గోడకి ఆనించిన ఫోను ఒకసారి జారి పడింది. చాలాసేపు వాళ్ళందరికీ ఆ గది పైకప్పు కనపడి ఉంటుంది. నేను అక్కడే ఉండి అది చూశాను.

సంఘంలో నన్ను చేర్చుకోవడం హెడ్డాఫీసు చేతిలో లేదు, శాఖ చేతిలో ఉంది. ఇది చాలామందికి అర్థం కాదు, అందుకని చెబుతున్నాను. శాఖ ఒప్పుకుంటేనే కొత్తమనిషి కాగితం పైకి వెళ్తుంది. ప్రెసిడెంటుని, ట్రెజరర్‌ని, జబ్బు చేసినవాళ్ళని చూసొచ్చేవాళ్ళని శాఖే ఎన్నుకుంటుంది. శాఖలన్నీ మనుషుల్ని పంపితే, వాళ్ళు పెద్ద సభలో కూర్చుని హెడ్డాఫీసు వాళ్ళకి కుర్చీలు ఇస్తారు. "పాలసీ డబ్బు పంపేది హెడ్డాఫీసు. మనిషిని పంపేది శాఖ" అనేది ప్రెసిడెంటమ్మ.

ఓటు వేయడానికి ఒక చెక్కపెట్టె ఉంది. చెయ్యి పట్టేంత కన్నం, లోపల తెల్లగోళీలు, నల్లగోళీలు. సరేనంటే తెల్లది, వద్దంటే నల్లది. చుట్టలు చుట్టేవాళ్ళలో సగంమందికి సంతకం రాదు, అందుకే గోళీలు. నా వంతు వచ్చినప్పుడు, హంగేరీ రక్తం లేని మనిషిని ఎట్టా చేర్చుకుంటామని ఒకాయన లేచి అడిగాడు. ప్రెసిడెంటమ్మ కర్ర ఆనించి నిలబడి ఫోటో వైపు చూపించింది. మన శాఖని పెట్టింది పొగాకు మనుషులు, ఈమె పొగాకు మనిషి, ఇందులో పరాయివాళ్ళు ఎవరన్నా ఉంటే అది మనమే అంది. పెట్టె తిరిగింది. తెరిస్తే అన్నీ తెల్లవి, ఒక్కటి నల్లది. మూడు నల్లవి పడితేనే కాదంటారు. ఒక్కటే కాబట్టి నేను మెంబర్ని అయ్యాను. కానీ ఆ నల్లది నన్ను గుచ్చింది. అడిగిన ఆయనే వేశాడనుకుని చాలాకాలం ఆయనకి కాఫీ అందించలేదు.

ఆమె అలవాట్లు ఏం చెప్పను? మీటింగుకి అందరికంటే ముందు వచ్చేది. కుర్చీలు ఎవరినీ వేయనిచ్చేది కాదు, కర్రతో తోసుకుంటూ తనే వేసేది. మెంబర్ల కంటే ఒక కుర్చీ ఎప్పుడూ ఎక్కువ వేసేది. వానలో వచ్చి నేను కూర్చున్నది అందులోనే. నెలనెలా పేర్లు పిలిచేటప్పుడు ప్రతివాళ్ళూ లేచి "యెలెన్" అనాలి. వాళ్ళ భాషలో హాజరని. ఆమెకి మోకాళ్ళు పోయాయి, అయినా తన పేరు వచ్చినప్పుడు బల్ల పట్టుకుని లేచేది. లేవద్దని లాయోష్ బతిమాలాడు ఒకసారి. "కూర్చుని మాట్లాడితే కబుర్లు. నిలబడి మాట్లాడితే మాట" అంది. ఆ మాటని నేను మా ఇంట్లో కూడా పెట్టాను. మా అల్లుడు సోఫాలో పడుకుని ఫోన్లో మాట్లాడుతుంటే ఆయన మీద కూడా ప్రయోగించాను, పని చేయలేదు.

జబ్బు చేసినవాళ్ళని చూడటానికి ఇద్దరిని పంపాలని మా శాఖ పద్ధతి. ఆమె, నేను వెళ్ళేవాళ్ళం. ఒక్కళ్ళు వెళ్తే చాలదా అని అడిగాను. ఒక్కళ్ళు వెళ్తే జాలిపడి అబద్ధం చెబుతారు, రెండో మనిషి నిజం చెప్పించే కాపలా అంది. ఫ్రిజ్ తెరిచి చూసేది, పాలు వాసన చూసేది, రోగి బాగున్నానంటే నమ్మకుండా గోళ్ళు చూసేది. గోళ్ళు పెరిగి ఉంటే ఆ మనిషి వంగలేకపోతోందని అర్థమట. అట్టా ఒకసారి చూసి వస్తూ, కారులో, ఏ సంబంధమూ లేకుండా, "నీ నల్లగోళీ నేనే వేశాను" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా తరఫున అంతసేపు మాట్లాడి, వెనక నుంచి గోతులు తవ్వుతావా అని తెలుగులోనే తిట్టాను. ఆమె తిట్టు అయ్యేదాకా ఆగింది. "అందరూ తెల్లవే వేస్తే అది ప్రేమ. ఒకటి నల్లది పడితే ఎన్నిక. ప్రేమ కొద్దీ వచ్చినవాళ్ళు అలిగి పోతారు, టొబాకో. ఎన్నికైనవాళ్ళు పోరు."  నేను ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ కాఫీ ఇవ్వని ఆయన కోసం లడ్డూలు చుట్టాను.

తర్వాత మనుషులు తగ్గుతూ వచ్చారు. మెంబర్లలో బేకరీ నడిపిన ఆవిడ చనిపోయినప్పుడు, ఆవిడని ఇంకా మట్టి చేయకముందే మీటింగు వచ్చింది. పేర్ల వరసలో ఆమె పేరు దాటేయబోతే ప్రెసిడెంటమ్మ సుత్తి కొట్టి ఆపింది. మట్టి పడేదాకా మెంబరే అంది. ఆమె పేరు పిలిచారు, అందరం లేచి ఆమె బదులు "యెలెన్" అన్నాం. ఇది నేను కల్పించింది కాదు, ఆ గదిలో ఉన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

అప్పటికి ఏడుగురం మిగిలాం. ఏడుగురు ఉన్నంతవరకు శాఖ దానంతటది వద్దనుకుంటే తప్ప పైవాళ్ళు మూయలేరు. ఆరుకి దిగితే శాఖ రద్దు. మిగిలినవాళ్ళ పేర్లు హెడ్డాఫీసు కంప్యూటర్లోకి, జెండా వాళ్ళ అద్దాల బీరువాలోకి వెళ్తాయి. నా కూతుర్ని చేరమన్నాను. "నాకు మీటింగ్స్ చాలు అమ్మా, రోజంతా అవే" అంది. లాగొద్దు, లాగితే వచ్చినవాళ్ళు కూర్చునే మాట్లాడతారని ప్రెసిడెంటమ్మ నన్ను ఆపింది.

చలికాలంలో ఆమె పడిపోయింది. చూడటానికి ఇద్దరు వెళ్ళాలి, ఇప్పుడు పడకలో ఉన్నది ఆ ఇద్దరిలో ఒకతె. రెండో మనిషి లేదు. నా కూతురు నన్ను డ్రైవ్ చేసుకుని తీసుకెళ్ళేది, మొదట కారులోనే లాప్‌టాప్ పెట్టుకుని ఉండేది. తర్వాత చలికి లోపలికి వచ్చింది. తర్వాత మంచం అవతలి పక్క కూర్చుంది. తర్వాత నేను చెప్పకుండానే ఆమె గోళ్ళు చూసింది.

చివరిసారి వెళ్ళినప్పుడు డాక్టరు చెప్పినదాన్ని నా కూతురు నాకు తెలుగులో చెప్పింది. గదిలోకి వెళ్ళగానే ప్రెసిడెంటమ్మ కళ్ళు తెరిచి, "రిపోర్ట్" అంది.

మీటింగులో చెప్పినట్టే లేచి నిలబడ్డాను. మెంబర్ని చూశాం. సూపు సగం తాగింది. నర్సుల మీద అరుస్తోంది అన్నాను.

"అది కొట్టెయ్యి" అంది.

కొట్టేశాను. ఇంకేముంది అన్నట్టు చూసింది. నా కూతురు అటు పక్క ఉంది, అబద్ధం చెప్పడానికి దారి లేదు. "మెంబరు ఇంటికి రాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. "రిపోర్ట్ యాక్సెప్టెడ్" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. జెండా తన శవపెట్టె ముందు నడవాలి, పోయిన మెంబర్లందరి ముందూ నడిచింది కదా అని. ఆ మూడో రోజో నాలుగో రోజో లాయోష్ వచ్చి తలుపు కొట్టాడు.

హెడ్డాఫీసు కుర్రాడు వెంటనే వచ్చాడు. మంచివాడే, మాట మెత్తన. ఆరుగురే మిగిలారు కాబట్టి శాఖ లేదు, జెండా తీసుకెళ్ళాలి, అంత్యక్రియలకి పూలదండ పంపుతాం అన్నాడు. హాలుకి అప్పటికే హెడ్డాఫీసు తాళం పడింది గానీ, జెండా, సుత్తి, గోళీల పెట్టె అంతకుముందే లాయోష్ ఇంటికి చేరాయి. మట్టి పడేదాకా మెంబరే, ఇంకా ఏడుగురం అన్నాను నేను. అది రూల్ బుక్కులో లేదు అన్నాడు. రూల్ బుక్కు రాసినవాళ్ళకి ముందు శాఖ పెట్టినవాళ్ళున్నారు నాయనా అన్నాను.

మీటింగుకి ఏడుగురూ ఒకచోట ఉండాలి. అందుకని ఆమె ఉన్న చోటికే వెళ్ళాం. ఫ్యూనరల్ హోములో, శవపెట్టె మూయకముందు, లాయోష్ కుర్చీలు వేశాడు. చెయ్యి అలవాటు, ఒకటి ఎక్కువ వేశాడు. ప్రెసిడెంటు గదిలో ఉండగా సుత్తి ఇంకొకరు పట్టుకోకూడదు కనక, దాన్ని ఆమె చేతుల దగ్గర పెట్టాం. పేర్లు పిలిచాడు. ఆమె పేరు వచ్చింది. మేము ఆరుగురం లేచి "యెలెన్" అన్నాం. లాయోష్‌కి పెదాలు మాత్రమే కదిలాయి. అది కూడా లెక్కే.

కొత్త మెంబరు ఎవరైనా ఉన్నారా అని అడగాలి, అది వరస. ఆయన అడిగాడు. నేను ఎవరివైపూ చూడలేదు. ఎక్కువ వేసిన కుర్చీలో నుంచి నా కూతురు లేచి నిలబడింది. పనిలో నుంచి నేరుగా వచ్చింది, మెళ్ళో ఆఫీసు బ్యాడ్జి ఇంకా ఉంది.

పెట్టె తిరిగింది. తెరిచారు. గోళీలన్నీ తెల్లవి, ఒకటి నల్లది.

ఇక్కడ నా కూతురు రాసే చెయ్యి ఆపింది. "నువ్వా అమ్మా?" అంటోంది. నేనే. రాయి. ఎందుకని ప్రెసిడెంటమ్మని అడుగు.

జెండా ఆమె ముందు నడిచింది. లాయోష్ మోయలేడు, నేనూ నా కూతురూ చెరోవైపు పట్టుకున్నాం. బరువు జెండా. గాలి కూడా ఉంది. నలుపు బయటికి తిప్పుకున్న మేమందరం ఆమె పెట్టె పక్కన నిలబడి మట్టి వేశాం. పూలదండ కూడా వచ్చింది, అబద్ధం చెప్పకూడదు.

ఇప్పుడు హెడ్డాఫీసు రెండు మాటలు అంటోంది. ఒకటి, చచ్చిపోయినవాళ్ళు హాజరు కాదు, కాబట్టి ఏడుగురు లేరు, నా కూతురి చేరిక చెల్లదు, మిగిలింది ఆరుగురే కనక శాఖ రద్దు అని. దానికి నా జవాబు చెప్పేశాను. ఇంకోటి, ఆ మీటింగు ముగించినట్టు ఎక్కడా లేదు, ముగించని మీటింగు చెల్లదు అని. ఈ రెండోది నిజం. మేము మరిచిపోయాం. మీటింగు ముగిసిందని ప్రెసిడెంటు సుత్తి కొట్టాలి. కొట్టేమనిషి పెట్టెలో ఉంది. ఆమె చేతుల దగ్గర నుంచి సుత్తి తీసి కొట్టడానికి మాలో ఎవరికీ చెయ్యి లేవలేదు. పెట్టె మూసే టైమయిందని ఫ్యూనరల్ హోము వాళ్ళు వస్తే, సుత్తి పక్కకి తీసి, లేచి ఆమె వెంట నడిచాం. ముగించాలని ఎవరికీ తట్టలేదు.

కాబట్టి అయ్యా, మీరు రాసింది సరే. ఆ మీటింగు ముగియలేదు. ఇంకా నడుస్తోంది. నడుస్తున్న మీటింగులో నుంచి జెండా ఎవరూ పట్టుకుపోకూడదు. అది నా గదిలో, నా వెంకటగిరి చీరలో చుట్టి ఉంది. సుత్తి దాని మీద ఉంది. కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకునే వరకు దాన్ని నేను కొట్టను, కొట్టనివ్వను. మీటింగు అయ్యాకే రిబ్బను మళ్ళీ తిప్పుకోవాలి కాబట్టి, నా రిబ్బనుకి ఇంకా నలుపే బయటికి ఉంది. మన గుడికి కూడా అట్టాగే వెళ్తున్నాను. ఎవరు పోయారని అడుగుతారు, చెబుతాను. రంగులు లోపలికి తిరిగి, నా గుండెకి ఆని ఉన్నాయి.

మా హాలు తాళం తీయండి. కుర్చీలు మేము వేసుకుంటాం, ఒకటి ఎక్కువే వేస్తాం. ఇందులో ఎవరికైనా కాదనే మాట ఉంటే, వచ్చి, నిలబడి చెప్పండి.

చదివి వినిపించగా విని, ఒప్పుకుని వేసిన వేలిముద్ర: గాదె ఆదెమ్మ, ఎడమ బొటనవేలు.

సాక్షులు:
లాయోష్, ట్రెజరర్.
సునీత, మెంబరు.